డెబ్బై మూడో నుక్సు

నాగర్‌కర్నూలు,
15 మే 1941.

మామా,

నీ విరిగిన కాలికీ, ఎన్నడూ విరగని నీ కోపానికీ కలిపి ఒకటే నమస్కారం. కాలు కట్టు ఎన్నాళ్ళు ఉంచాలన్నారో రాయి. చెప్పినట్టు పడుకుంటున్నావో లేదో మాత్రం రాయకు, ఎట్లాగూ అబద్ధమే రాస్తావు.

ఇప్పుడు చెప్పేది విని మంచం దిగకు. నువ్వు కట్టిన కాన్పుల దవాఖానకు ఆఖరి ముఆయినా, అదే తనిఖీ, మొదలైంది. తప్పులు వెతుకుతున్నది ఎవరనుకున్నావు? ఇంజనీరు కాదు, ఓవర్సీరు కాదు. నీ మేనకోడలు!

నిన్న పొద్దున కుబ్రా బేగం సాహెబా పరదా బండిలో నేరుగా దవాఖాన ముందుకే వచ్చింది. కట్టించింది తనే కాబట్టి చూసుకునేదీ తనేనట. "గిది ఆడోళ్ళ దవాఖాన. మొగోళ్ళు చూసి బాగున్నదంటె నాకేం ఎరుక? పొద్దుగాల ఏడు నుంచి పది దాంక ఒక్క మొగ పురుగు గూడ లోపల ఉండొద్దు" అని బండిలోంచే హుకుం. నీ కుడిభుజం ఎల్లన్న, చేతిలో తాపీ చేతిలోనే ఉండగా గోడ అవతలికి ఉరికాడు. అక్కణ్ణించే అరిచాడట: "మేస్త్రి గద్వాలల మంచాన పడ్డడు సాహెబా! ఆయన తరఫున చూపెట్టనీకె కోడలు పిల్ల ఉన్నది. పట్నంల సదివింది. నోరు గూడ ఉన్నది."

ఆ నోటి కోసమే నాకు కబురొచ్చింది. కాలేజీ పరీక్షలు రాసి ఇల్లు చేరి నెలయింది. ఈ నెలలో మా అమ్మ నా చేత చెరిగించిన కందులతో ఊరికంతా పప్పు వండవచ్చు. చేట అక్కడే పడేసి, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను.

బేగం సాహెబా అరవై దాటిన సన్నటి మనిషి. వేలికి ఒకటే వెండి ఉంగరం. దాంతో గోడను టకటకా కొడుతూ నడుస్తుంది. గట్టి గోడ ఒక తీరుగా పలుకుతుంది, గచ్చు పూత లోపల పట్టు విడిచిన చోట బోలుగా పలుకుతుంది. మొదటి గదిలోనే మూడు బోలు చోట్లు! "రాయి బేటీ" అంది. బొగ్గుతో గోడ మీద సున్న చుట్టి నంబరు వేశాను, కాగితం మీదా ఎక్కించాను. నుక్సుల ఫేరిస్తు, అంటే తప్పుల పట్టీ, అంటుంది ఆ కాగితాన్ని. మధ్యాహ్నం మేం వెళ్ళిపోయాక ఎల్లన్న వాళ్ళొచ్చి సున్నాలు చూసి బాగుచేస్తారు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పని! ఇప్పటికి పద్నాలుగు.

ఆమె షరతు ఇది: ఒక్క నుక్సు కూడా మిగలకూడదు. అన్నీ తీరాక జూన్ ఆరు శుక్రవారం నాడు తాళంచెవి తీసుకుంటుంది. అప్పటిదాకా లోపల ఎవ్వరూ పడుకోకూడదు. నర్సు అజీజున్నీసా నాలుగున హైదరాబాదు నుంచి వస్తుంది. ఆరున తాళం తెరవకపోతే ఇంకో ఊరి కొలువుకు వెళ్ళిపోతుంది. మన జమ్ములమ్మ వదినకేమో మిరుగు కార్తెకు నెలలు నిండుతాయి. రెండేళ్ళ కింద మీ ఇంటి చీకటి గదిలో జరిగింది మళ్ళీ జరగవద్దనే కదా, నీ బిడ్డను కాన్పుకు మా ఇంటికి పంపావు. కాబట్టి ఆరో తారీఖు మనది. దాన్ని జారనివ్వను.

వదిన పక్కన కూర్చొని అంటోంది: "మా నాయనకు రాయి, కాలు మీద గచ్చు పోసుకొని కూసోమని. గప్పుడన్న కదలడు."

తప్పులు పట్టే
నీ అలివేలు


గద్వాల,
ఆదివారం, 18 మే.

కోడలు పిల్ల అలివేలును నాగప్ప మామ మంచంల నుంచి దీవిస్తున్నడు.

బొగ్గా? తెల్లటి సున్నం గోడ మీద బొగ్గుతోని రాసినవా? పిల్లా, పట్నంల గిదేనా నేర్పింది! బొగ్గు మీద ఎన్ని తాపలు సున్నం కొట్టినా మసక తేల్తది. నువ్వు రాసిన నుక్సులు పద్నాలుగు, నువ్వు చేసిన నుక్సులు పద్నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది రాసుకో.

కాలుకు వెదురు బద్దలు కట్టిన్రు. ఇంకో నెల పండుమన్నరు. పండుకున్న. నమ్మకుంటె నీ ఇష్టం.

అసలు సంగతి ఏందంటె, కాగితం మీద రాసుడు నాకు పడదు. నోటితోని చెప్పు, ఎల్లన్న చేస్తడు. ముప్పై ఏండ్ల సంది కడుతున్న. ఖిల్లా ఘణపూర్ల కట్టిన, తెలకపల్లిల కట్టిన, అలంపూర్ల కట్టిన. నా చేతికి ఎవ్వరు ఫేరిస్తు ఇయ్యలే. నోటితోని చెప్పిన తప్పు దిద్దినంక పోతది. కాగితం మీది తప్పు దిద్దినంక గూడ నాగప్ప పేరు పక్కన అట్లనే ఉంటది.

జమ్ములమ్మ తింటున్నదా? పోయినసారి ఆఖరి నెలల తిండి బంద్ చేసింది. జర చూడు బిడ్డా. మీ అమ్మను గూడ జర చూడుమను.

మీ మామ


నాగర్‌కర్నూలు,
21 మే.

ఇరవై ఎనిమిది లెక్కగట్టిన మామకు,

బొగ్గు మానేశాను, ఒట్టు. నా కాలేజీ నోటుబుక్కు చింపి, ముక్కల మీద నంబర్లు వేసి, అమ్మ వంచిన గంజితో గోడకు అతికిస్తున్నాను. తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. గాలి వీస్తే దవాఖానంతా పెళ్ళిపందిరిలా రెపరెపలాడుతోంది. ఎల్లన్న గోడ అవతలి నుంచి అంటాడు: "పిల్లా, లగ్గం ఎవరిది? నీదా?" మా అమ్మ విననంత వరకు ఫరవాలేదు.

కాగితం మాత్రం మానను. కాగితం లేకపోతే బేగం సాహెబా నమ్మదు. నీ పేరు పక్కన ఉంటే ఏమైంది, దాని పక్కనే "బాగుచేయబడింది" అని కూడా ఉంటుంది కదా!

నీకు చెప్పకుండా ఒక పని చేశాం. మిద్దె మీద తూములకు బంకమట్టి కొట్టి, ఇరవై మంది ఆడకూలీలు బిందెలతో నీళ్ళు మోసి చెరువు చేశారు. మూడు రోజులు నిలిపాం. కింద గదుల్లో తల పైకెత్తుకుని తిరిగి తిరిగి నా మెడ పట్టేసింది. వరండా మూలన ఒక్కచోట మాత్రం చెమట పట్టినట్టుగా తడి. ముప్పై ఎనిమిదో నంబరు. గంతేశాను మామా! తప్పు దొరికినందుకు కాదు, మిగతా మిద్దె అంతా పొడిగా ఉన్నందుకు. (తప్పు దొరికినందుకు కూడా, కొంచెం.)

నలభై: కాన్పు గది నేల వాలుగా ఉంది. నిమ్మకాయ పెడితే ఏ మూల నుంచైనా పడమటికే దొర్లుతోంది. ఇది ఎట్లా చూడకుండా విడిచావు?

నలభై ఒకటి విను. "నొప్పులు పడేదాన్ని నడిపిస్తరా? మంచం మీదనే తెస్తరు. తెచ్చి చూపియ్యి" అంది బేగం సాహెబా. నులక మంచం మీద నేను పడుకున్నాను. నలుగురు కూలీ అమ్మలు ఎత్తారు. వదిన నేర్పిన మూలుగు మూలిగాను. వరండా దాటాం, మలుపు తిరిగాం, కాన్పు గది దర్వాజలో ఇరుక్కుపోయాం! తలుపు రెక్క లోపలికి తెరుచుకొని సరిగ్గా మలుపు ఉన్న పక్కకే నిలుస్తోంది, మంచం కోడు దానికి తట్టుకుంటోంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. నేను ఏటవాలుగా వేలాడుతున్నాను. బేగం సాహెబా మొదటిసారి నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి దర్వాజ చెక్కను పట్టుకుంది. "నా బిడ్డను గూడ గిట్లనే దర్వాజల ఆపిన్రు" అంది.

తలుపును ఈ పక్క నుంచి తీసి అవతలి పక్కకు బిగించాలి. యుద్ధం పుణ్యమా అని కొత్త తలుపు బందులు దొరకవు, ఉన్నవే విప్పి వాడాలి. వదిన తింటోంది, నా వంతు కూడా.

ఇంకా ఒళ్ళు నొప్పులతో
అలివేలు


గద్వాల,
శనివారం, 24 మే.

మంచం మీద ఊరేగిన కోడలు పిల్లకు,

నిమ్మకాయ దొర్లిందా? దొర్లాలె! పడమటి మూలకు మోరి ఉన్నది, కనపడలేదా? కాన్పు గది కడిగినప్పుడు నీళ్ళు, నెత్తురు నిలవకుండ పోవాలని జానెడు జానెడు చూసి వాలు పెట్టిన. నలభయ్యో నంబరు కొట్టెయ్యి. బేగం సాహెబాకు నమ్మకం లేకుంటె బిందెడు నీళ్ళు కుమ్మరిచ్చి చూడుమను.

తలుపు తప్పు మాత్రం నాదే. ఒప్పుకుంట. కాగితం నక్షాల ఎట్లున్నదో అట్లనే పెట్టిన, మంచం సంగతి యాదికి రాలే. మొన్న నన్ను గూడ దవాఖానకు మోసినప్పుడు మా దర్వాజలనే ఇరికిచ్చిన్రు. గప్పుడు తిట్టిన. ఎవరిని తిట్టిన్నో గిప్పుడు ఎరుకైంది.

మిద్దె మీద నీళ్ళు నిలిపినందుకు సంబురమైంది. గది మంచి పని. నేనున్నా అదే చేస్తుంటి.

ఒక్క మాట విను. అన్ని తియ్యకు. ఒకటి ఉండనియ్యి. ఏదని అడగకు, నేను చెప్ప. వెతకకు. డెబ్బై తియ్యి, ఎనభై తియ్యి, కాని ఒకటి మాత్రం ఉండనియ్యి. నేను చెప్పినట్టు బేగం సాహెబాకు తెల్వద్దు.

మీ మామ


నాగర్‌కర్నూలు,
27 మే.

శ్రీయుత నాగప్ప మేస్త్రి గారికి,

మామ అని మొదలుపెట్టబోతే కలం ఆగింది.

ఒకటి ఉండనియ్యాలా? వెతకకూడదా? బేగం సాహెబాకు తెలియకూడదా? ఇది నువ్వు రాసిన మాటేనా అని ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను. దాచవలసినంత తప్పు ఏం చేశావు? గోడ అవతలికి వెళ్ళి ఎల్లన్నను అడిగాను. "నాకేం తెల్వదు పిల్లా. నన్ను అడగకు" అని సున్నం తొట్టిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ "తెల్వదు"లోనే వాడికి తెలుసని తెలిసిపోయింది.

దాచేంత తప్పు పైనే ఉంటుందనుకున్నాను. కాన్పు గది దూలం గోడలో ఎట్లా కూర్చుందో బయటికి కనిపించదు కదా. నిన్న పొద్దున కూలీ అమ్మల చేత రెండు కొసలా మూరెడేసి గచ్చు పగలగొట్టించాను. దూలం టేకుదే. కింద రాతి దిమ్మ ఉంది. చెద పట్టకుండా తారు పూసి ఉంది. వేలు పెట్టి చూశాను, సందు లేదు.

అక్కడ లేదు. మరి ఎక్కడుంది? వదిన పడుకోబోయే గది అది. నీ బిడ్డ. పొద్దున్నే లేచి "నా అర్ర తయారైందా" అని నన్నే అడుగుతోంది. నేనేం చెప్పాలి?

ఇప్పటికి అరవై ఆరు రాశాం, యాభై రెండు తీరాయి. నేను పగలగొట్టించిన రెండు చోట్లు కూడా అందులో ఉన్నాయి. న్యాయం న్యాయమే.

అలివేలు


గద్వాల,
శుక్రవారం, 30 మే.

అలివేలుకు,

మంచి గచ్చుకు గడ్డపార పెట్టినవా! గా దూలం కింద దిమ్మ నేను సొంతంగ చెక్కిన. రెండు దినాలు పట్టింది. నీకు రెండు నిమిషాలు పట్టింది.

నన్ను దొంగననుకున్నవు. అనుకో. నేను దాచింది గసుంటిది గాదని మాత్రం చెప్పగల్గుత, అంతకన్న ఎక్కువ చెప్పలేను. ఉండనియ్యి అన్న. ఉండనియ్యి.

పగిలిన కాడ ఉత్త సున్నం పెడితె మళ్ళ ఊడుతది. సన్న గచ్చుల బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి పెట్టుమను ఎల్లన్నను. తడి గోనె కప్పుమను. ఎండ తగలొద్దు. గట్లయితె ఆరో తారీఖు అందుకుంటవు.

ఇంక నాకు రాయకు. నేను కోపం చేసిన అని జమ్ములమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది.

నాగప్ప మేస్త్రి


నాగర్‌కర్నూలు,
2 జూన్.

మామా, మామా, మామా,

(మూడుసార్లు రాశాను. క్రితం ఉత్తరంలో ఎగ్గొట్టినదానికి ఒకటి, దూలం దిమ్మకు ఒకటి, ఇవాళ్టిది ఒకటి.)

రాయకు అన్నావు. రాయకుండా ఎట్లా ఉంటాను? డెబ్బై రెండు నుక్సులు, డెబ్బై రెండూ తీరాయి! బెల్లం గచ్చు రాయిలా పట్టింది. వరండా మూల పొడి. బేగం సాహెబా బిందెడు నీళ్ళు తనే కుమ్మరించింది. నీళ్ళు గది నాలుగు పక్కల నుంచీ చుట్టుకొని మోరిలోకి పోయాయి, ఒక్క చుక్క నిలవలేదు. నా చేతిలో కలం తీసుకొని నలభయ్యో నంబరును తానే కొట్టేసింది. "మీ మేస్త్రి దిల్ ఉన్నోడు బేటీ. నెత్తురు సంగతి మొగోళ్ళెవరు సోచాయిస్తరు?" అంది. నీకు వినిపించాలని గట్టిగా రాస్తున్నాను.

నువ్వు దాచింది కూడా దొరికింది!

నిన్న మధ్యాహ్నం తలుపును అవతలి పక్కకు మార్చారు. ఇవాళ పొద్దున వెళ్తే, ఇన్నాళ్ళూ తలుపు రెక్క చాటున ఉన్న గోడకు మేకు కొట్టి ఎవరో గోనెపట్టా వేలాడదీశారు. ఎత్తి చూస్తే కింద అరచేతంత చోటు. గచ్చు లేదు, సున్నం లేదు, ఉత్త రాయి. ఇంతేనా మామా! నేను దూలాలు పగలగొట్టించాను, నువ్వు సిగ్గుపడి దాచింది మరిచిపోయిన అరచేతంత గచ్చా! ఎంత నవ్వానో. నిన్ను అనరాని మాటలన్నందుకు ఎంత ఏడుపొచ్చిందో కూడా.

మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాను. తొట్టిలో మిగిలిన గచ్చు తెచ్చి నేనే పూశాను. బేగం సాహెబా చెంబుతో నీళ్ళందించింది. తాపీ వెనక్కి పట్టుకున్నానట, కూలీ అమ్మలు పడి పడి నవ్వారు. అయినా నున్నగా వచ్చింది. నా జన్మలో మొదటి మేస్త్రి పని! డెబ్బై మూడుకు డెబ్బై మూడు!

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తాళంచెవి ఇచ్చేనాడు వదినను తీసుకెళ్ళి నేను పూసిన చోటు చూపిస్తాను.

చేతులకింకా సున్నం మంటతో,
నీ అలివేలు


గద్వాల,
గురువారం, 5 జూన్.

అలివేలూ,

జమ్ములమ్మను గా గదిలకు తోలకు. ముందు గిది చదివి, తర్వాత మిగిలింది చదువు.

నేను మరిచిపోలే. నా చేతితోని విడిచిన. నాకు పని నేర్పినాయన చెప్పిండు, కట్టడం నిండు కావొద్దు, నిండైతె అది మనిషిని అడుగుతది అని. అందుకనే కట్టిన ప్రతి ఇంట్ల అరచేతంత కొదువ విడుస్త. అది ఎవరికన్న చెప్పితె కొదువ కింద లెక్క గాదు. అందుకే నీకు చెప్పలేకపోతి.

రెండేండ్ల కింద అలంపూర్ల ఒక వ్యాపారికి ఇల్లు కట్టిన. ఆయన కండ్లు గూడ నీ కండ్ల లెక్కనే. కొదువ కనిపెట్టిండు. నింపుమన్నడు. జమ్ములమ్మ కాన్పుకు ఇంట్ల ఉన్నది, బిరాన ఇంటికి పోవాలని నింపిన. పని ముగిచ్చి గద్వాలకు వచ్చిన నాడే, నా బిడ్డ పక్కన పిల్లగాడు సప్పుడు లేకుండ ఉన్నడు. గా సంగతి నేను ఎవ్వరికి చెప్పలే. మీ అత్తకు చెప్పలే. గిప్పుడు నీకు రాస్తున్న.

నువ్వు సదివినదానివి, నవ్వుతవు. నవ్వు, నేనేమనుకోను. నీ తప్పు గూడ లేదు. కాని జమ్ములమ్మను ఇంట్లనే ఉంచు. నర్సమ్మకు దండం పెట్టి ఇంటికి పిలువు. నేను బండి మాట్లాడుతున్న, కాలు ఉంటె ఉంటది, పోతె పోతది.

మామ


నాగర్‌కర్నూలు,
శనివారం, 7 జూన్.

మామా, బండి వద్దు!

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. పొద్దున ఏడింటికి, ఆ గదిలోనే. ముందు ఊపిరి పీల్చుకో, మిగతాది నింపాదిగా చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది, పిల్ల కంటే ఐదు గంటలు ఆలస్యంగా. అలంపూర్ సంగతి చదివి పెరట్లోకి వెళ్ళి మళ్ళీ ఒకసారి చదివాను. నవ్వలేదు మామా.

కాని కొదువ సంగతి నాకు మూడు రోజుల ముందే తెలిసింది. నాలుగో తారీఖున ఆఖరి సున్నం పనికి ఒక్క మగవాడూ రాలేదు. ఎల్లన్న ఇంటికి వెళ్ళాను. గడపలో కూర్చొని ఉన్నాడు. "నువ్వు నింపినవా పిల్లా? నీ చేతితోనే నింపినవా?" అన్నాడు. ఇంకెవరో చేసి ఉంటే బాగుండునన్నట్టు ఉంది ఆ గొంతు. "మేస్త్రి ప్రతి ఇంట్ల అరచేతంత విడుస్తడు. నిండు ఇంట్ల నేను అడుగు పెట్ట. నువ్వేమన్న అనుకో." గోనెపట్టా కట్టింది అతనేనట, నా కళ్ళ నుంచి కాపాడాలని.

నేను నమ్మను మామా. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కాని ఉండనియ్యి అని నువ్వు రెండుసార్లు రాసింది గుర్తొచ్చి నా చెయ్యి నాకే బరువైంది. మెల్లగా గోకేసి ఊరుకుంటే? ఫేరిస్తులో డెబ్బై మూడు తీరిందని నా అక్షరాలతోనే ఉంది. బేగం సాహెబాకు అబద్ధపు కాగితం ఇచ్చినట్టవుతుంది. నిజం చెబితే? ఒక్క నుక్సు మిగిలినా తాళం తీసుకోనంది. నర్సు అప్పటికే దిగింది. పెట్టె విప్పకుండా మా ఇంట్లో కూర్చొని, ఉంటానో పోతానో చెప్పమంటోంది. పక్క గదిలో వదిన నడుం పట్టుకొని తిరుగుతోంది.

ఐదో తారీఖు పొద్దున చెప్పేశాను. గోడ ముందు నిలబడి, మొత్తం.

బేగం సాహెబా కాన్పు గది గడప మీద కూర్చుండిపోయింది. ఉంగరం తిప్పుకుంటూ అంది: "నా బిడ్డ కాన్పు మా హవేలీల అయింది. ఒక్క నుక్సు లేదని ఇంజనీరు దస్తఖతు పెట్టిన కాగితం ఉండె. మంచం దర్వాజల పట్టలే. దించి నడిపిచ్చిన్రు. గప్పటికే ఆలస్యమైంది. అందుకే నేను ఉంగరం పట్టుకొని గోడలన్ని కొట్టుకుంట తిరుగుతున్న. నుక్సు అంటె మనిషికి తగిలేది బేటీ. గీ అరచెయ్యి ఎవరికి తగుల్తది?"

నేను ఫేరిస్తు తెరిచి డెబ్బై మూడో నంబరు ఆమె ముందు పెట్టాను.

"కొదువ లేనోడు అల్లా ఒక్కడే. గా మాట నేను ఫేరిస్తుల రాయించుడు మరిచిన. మీ మేస్త్రి గోడ మీద రాసిండు" అంటూ లేచింది. ఉంగరం తీసి దాని అంచుతో గోకడం మొదలుపెట్టింది. నా గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది. నేను చెంచాతో గోకాను. రాయి బయటపడ్డాక తన అరచెయ్యి ఆనించి కొలత చూసుకుంది. డెబ్బై మూడో నంబరు ఎదురుగా నా చేత రాయించింది: "ఇది నుక్సు కాదు. ఇట్లాగే ఉండాలి." కింద ఉర్దూలో తన సంతకం. మధ్యాహ్నం ఎల్లన్న వచ్చి చూసి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకొని పనిలోకి దిగాడు.

చెబితే కొదువ కాదన్నావు. నువ్వు విడిచినది పోయింది మామా, నిజమే. ఇది నువ్వు విడిచింది కాదు. మేం విడిచింది, నీకు చెప్పకుండా. కాబట్టి లెక్కలోకి వస్తుంది.

నిన్న శుక్రవారం నమాజు తర్వాత తాళంచెవి చేతులు మారింది. గంట తిరక్కుండానే వదినకు నొప్పులు. మంచం మీద తీసుకెళ్ళాం. వరండా, మలుపు, దర్వాజ, ఎక్కడా తగల్లేదు! నాకు నేర్పిన మూలుగు తను ఒక్కటీ మూలగలేదు. లోపలికి పోగానే తల తిప్పి అడిగింది: "మా నాయన చెయ్యి యాడున్నది?"

తనకు ఎప్పుడూ తెలుసట! చిన్నప్పుడు నువ్వు కట్టిన ఇళ్ళకు వెంట వచ్చి, ఆ చోటు వెతికి పట్టుకొని చెయ్యి పెట్టి ఆడుకునేదట. నువ్వు విడిచావని తనకు తెలుసు, తను చూసిందని నీకు తెలియదు. మంచం గోడవారగా వేశాం. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ రాయి మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. చల్లగా ఉందంది.

అజీజున్నీసా నన్ను బయటికి తరిమేసింది. తెల్లవారేసరికి మిరుగు వాన మొదలైంది, దబదబా. నేను ముప్పై ఎనిమిదో నంబరు కింద తల పైకెత్తి నిలబడ్డాను. చుక్క రాలలేదు. వరండాలో బేగం సాహెబా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. వానలో ముందు నాకు వినిపించలేదు. ఆమెకే వినిపించింది. ఉంగరంతో స్తంభాన్ని ఒక్కసారి కొట్టి, "గట్టిగ పలికింది బేటీ" అంది. అప్పుడు విన్నాను, పిల్ల ఏడుపు.

పిల్లకు నీ కోపం వచ్చింది. మొహం చూస్తే తెలుస్తోంది.

నర్సమ్మ ఇప్పుడే ఫిర్యాదు చేసింది, కిటికీ గొళ్ళెం బిగుతుగా ఉందట. డెబ్బై నాలుగు.

అత్తనైపోయిన
అలివేలు


గద్వాల,
బుధవారం, 11 జూన్.

నా కోడలు పిల్లకు, నా బిడ్డకు, పేరు పెట్టని నా మనుమరాలికి దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మూడోసారి గట్టిగ చదివిన, మంచం చుట్టు జమైనోళ్ళందరికి. దర్వాజ కాడికి వచ్చేసరికి కాగితం మీ అత్త చేతిల పెట్టిన, ఆమె అందుకొని ముగిచ్చింది. అలంపూర్ సంగతి గూడ ఆమెకు చెప్పిన. చెప్పినంక కాలు నొప్పి తగ్గింది. ఎట్లనో తెల్వదు.

బండి మానుకున్న. నెల నిండినంక కట్టె పట్టుకొని వస్త. గొళ్ళెం నేనొచ్చి చూస్త, ఎవ్వరు సుత్తె పెట్టొద్దు.

బేగం సాహెబా అరచెయ్యి కొలత పెట్టిందన్నవు. పరదా మనిషి, ఆమె చెయ్యి ఎంత ఉంటదో నాకేం ఎరుక. కాని పెద్దమనిషి చెయ్యి, జర పెద్దగనే అయి ఉంటది. నేను తాపీ తెస్త. చుట్టు సన్న గచ్చు పట్టిచ్చి, నా మనుమరాలి అరచెయ్యి పట్టేంత జాగ విడుస్త. గంత కొదువ చాలు.

నేనొచ్చేదాంక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు. నోటితోని చెప్పితె నువ్వు వింటవన్న నమ్మకం నాకు లేదు. కాగితం మీదనే రాయి.

మీ మామ